భద్రాచలం అసెంబ్లీ సీటు: 2014లో ఓటేసిన మన మండలాలకు ఎమ్మెల్యే ఎవరు?

#1 శబరి ఒడ్డు

అందరికీ నమస్కారం. మాది కూనవరం మండలం. శబరి వచ్చి గోదావరిలో కలిసే చోటు మాకు నడక దూరం.

2014 ఏప్రిల్ 30న మా ఊరి స్కూల్లో క్యూలో నిలబడి భద్రాచలం ఎమ్మెల్యేకి, మహబూబాబాద్ ఎంపీకి ఓటేశాం. మే 16న లెక్కించారు, సీపీఎం నుంచి సున్నం రాజయ్య గారు గెలిచారు. మే 29న పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలుపుతూ ఆర్డినెన్స్ వచ్చింది. జూన్ 2న తెలంగాణ ఏర్పడేసరికి మా మండలం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. మేం గెలిపించిన ఎమ్మెల్యే మాత్రం తెలంగాణ శాసనసభలో కూర్చున్నారు. 2019లో రంపచోడవరానికి ఓటేసే దాకా మేం ఉన్న రాష్ట్రంలో మాకంటూ ఎమ్మెల్యే లేరు.

ఈ మధ్య మా అన్నయ్య కూతురు ఇంటర్ ప్రాజెక్టు కోసం "బాబాయ్, మనది ఏ నియోజకవర్గం, ముందు నుంచీ ఇదేనా" అని అడిగింది. చెబుదామని కూర్చుంటే సగం మాత్రమే చెప్పగలిగాను. ఎక్కడ వెతికినా గెలిచినవాళ్ల పట్టిక, మెజారిటీలు తప్ప ఈ గీతలు ఎందుకు ఇలా మారాయో ఒకచోట రాసినవాళ్లు కనపడలేదు. ఇక్కడ భద్రాచలం, చర్ల, వెంకటాపురం, చింతూరు, కుక్కునూరు వాళ్లు చాలామంది ఉన్నారు కదా. తెలిసింది తెలిసినట్టు రాయండి. అందరివీ కలిపి పిల్లలకు ఉపయోగపడేలా పెడదాం.

#2 పాత ఓటరు

మంచి పని మొదలుపెట్టావు తమ్ముడూ. నేను వెంకటాపురం వైపు బడిపంతులుగా చేసి రిటైరయ్యాను. పాత సంగతులు నేను మొదలుపెడతాను, మిగతావాళ్లు అందుకోండి.

మన ప్రాంతం ఎవరిది అని 2013, 14లో టీవీల్లో గంటలు గంటలు వాదించారు. తెలంగాణ, ఆంధ్రా ఇద్దరి వాదనలోనూ సగం సగం నిజం ఉంది. 1860 దాకా గోదావరి ఎడమ గట్టున ఉన్న ఈ తాలూకాలు నిజాం కిందే ఉండేవి. ఆ ఏడాది ఒప్పందంతో బ్రిటిష్ వాళ్లకు వెళ్లాయి. వాళ్లు మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లాగా ఉంచారు. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు, నూగూరు ఆ తర్వాత వచ్చి చేరింది. నూగూరు అంటే ఇప్పటి వెంకటాపురం, వాజేడు వైపు. ఆ తర్వాత తూర్పు గోదావరి జిల్లా అయింది.

దానివల్ల 1952లో మనవాళ్లు మద్రాసు శాసనసభకు ఓటేశారు. నదికి అవతల బూర్గంపాడు, పాల్వంచ వాళ్లు అదే ఏడాది హైదరాబాద్ రాష్ట్ర సభకు ఓటేశారు. ఒకే నది, ఇటు ఒక రాజధాని, అటు ఒక రాజధాని. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మన సభ కర్నూలుకు మారింది. 1955లో ఆ సభకు ఎన్నికలు జరిగాయి. 1956 నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1957లో అసెంబ్లీ ఎన్నికలు తెలంగాణ ప్రాంతంలోనే జరిగాయి. ఆంధ్ర ప్రాంతంలో 1955లో గెలిచినవాళ్లనే 1962 దాకా కొనసాగించారు. మనం అప్పటికి తూర్పు గోదావరి జిల్లా కాబట్టి 1957లో పార్లమెంటుకే ఓటేశాం. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. ఖమ్మం జిల్లాకే అప్పటికి ఆరేళ్లు, 1953లో వరంగల్ నుంచి విడదీశారు. అంటే 1955లో తూర్పు గోదావరి నుంచి ఎన్నికైన సభ్యుడి ప్రాంతం మధ్యలో ఖమ్మం జిల్లాలోకి వచ్చేసింది. గెలిచాక గీత మారడం మనకు 2014లో కొత్తగా జరిగింది కాదు. కాకపోతే 1959లో మారింది జిల్లా, రాష్ట్రం కాదు. ఓటేసినవాళ్లూ గెలిచినవాళ్లూ ఒకే రాష్ట్రంలో ఉన్నారు.

ఖమ్మంలో ఎందుకు కలిపారని అడిగేవాళ్లు ఉంటారు. మ్యాపు చూస్తే తెలుస్తుంది. కాకినాడ ఎక్కడ, వాజేడు ఎక్కడ? మధ్యలో పాపికొండలు. గోదావరి మీద భద్రాచలం వంతెన 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ గారి చేతుల మీదుగా తెరిచాక మన బతుకు మొత్తం కొత్తగూడెం, ఖమ్మం వైపు తిరిగింది. చదువు, ఆసుపత్రి, సంత, పెళ్లి సంబంధాలు కూడా.

#3 ఏలూరోడు

మాస్టారు గారూ, చక్కగా రాశారు. 1957 సంగతి నాకు ఇప్పుడే తెలిసింది.

నేను ఉమ్మడి పశ్చిమ గోదావరి వాణ్ణి. మా వైపు మాట కూడా చెబుతాను, కోపం తెచ్చుకోకండి. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. ఆ మట్టానికి ముంపు అంచనా వేస్తే మునిగే ఊళ్లలో ఎక్కువ భాగం మీ మండలాల్లోనే ఉంది. విభజన చట్టంలోనే జాతీయ ప్రాజెక్టు అని రాశారు. డ్యామ్ ఒక రాష్ట్రంలో, మునిగే ఊళ్లు ఇంకో రాష్ట్రంలో ఉంటే పరిహారం ఎవరివ్వాలి, కాలనీ ఎక్కడ కట్టాలి అని ఊరూరికీ గొడవయ్యేది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌లతో కేసులు ఇంకా నడుస్తూనే ఉన్నాయి. మూడో రాష్ట్రం కూడా తోడైతే ప్రాజెక్టు కదిలేది కాదు. అందుకే ముంపు ప్రాంతం ఒకే ప్రభుత్వం కింద ఉండాలన్నారు. దాన్లో న్యాయం లేదంటే నేను ఒప్పుకోను.

#4 శబరి ఒడ్డు

ఏలూరు అన్నా, కోపం ఎందుకు? ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది వేరే చర్చ. ఆ చర్చలో మా కోయలు, కొండరెడ్లు ఏమంటారో అదీ వినాలి. నేను అడిగేది ఓటు గురించి.

ఒక ఊరిని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చినప్పుడు ఆ ఊరికి కొత్త సభలో మనిషి ఉండాలా లేదా? పరిహారం ప్యాకేజీ ఎంత, కటాఫ్ తేదీ ఏది, పద్దెనిమిదేళ్లు నిండిన పిల్లల్ని వేరే కుటుంబంగా లెక్కేస్తారా లేదా అని తేల్చే సంవత్సరాలు అవే. 2014 నుంచి 2019. మా బతుకులో అంతకంటే పెద్ద నిర్ణయం ఇంకోటి ఉండదు. ఆ అయిదేళ్లూ ఆంధ్రా అసెంబ్లీలో చింతూరు, కూనవరం, వీఆర్‌పురం (వరరామచంద్రపురం), ఎటపాక (భద్రాచలం మండలంలో ఆంధ్రాకి పోయిన భాగం) తరఫున నిలబడి అడగడానికి మేం ఎన్నుకున్న మనిషి లేడు. రాజయ్య గారు అడిగితే హైదరాబాద్‌లో అడగాలి, ఇక్కడ ఆఫీసర్లు ఆయన రాష్ట్రం వాళ్లు కారు. తెలంగాణ ఇచ్చే నియోజకవర్గ నిధులు ఆంధ్రాలో ఊరికి ఖర్చు పెట్టడం కుదరదు.

మా నాన్న భూమి కాగితం పట్టుకుని ఓ ఆఫీసుకి వెళ్తే మీ ఎమ్మెల్యేతో చెప్పించుకోండి అన్నారు. ఏ ఎమ్మెల్యే అని నాన్న అడిగారు. అవతలి ఆయన దగ్గర జవాబు లేదు.

#5 సరిహద్దు గీత

శబరి ఒడ్డు గారి ప్రశ్నకు చట్టంలో ఏముందో రాస్తాను. నేను లాయర్‌ని, భద్రాచలం కోడలిని.

2014 మార్చిలో వచ్చిన విభజన చట్టం మొదటి రూపంలోనే కొన్ని ముంపు గ్రామాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. మే ఆర్డినెన్స్‌లో దాన్ని గ్రామాల నుంచి మండలాలకు పెంచారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, కుక్కునూరు, వేలేరుపాడు పూర్తిగా వెళ్లాయి. బూర్గంపాడులో కొన్ని గ్రామాలు తెలంగాణలో ఆగాయి. భద్రాచలం మండలం మాత్రం భద్రాచలం రెవెన్యూ గ్రామం ఒక్కటి తప్ప మొత్తం వెళ్లింది. ఆ ఒక్కటి ఎందుకు మిగిలిందో అందరికీ తెలుసు, రాముడి గుడి. జూన్‌లో తెలంగాణ శాసనసభ దీన్ని వ్యతిరేకిస్తూ తీర్మానం చేసింది. జులై 11న లోక్‌సభ, 14న రాజ్యసభ బిల్లు పాస్ చేశాయి. ఆర్టికల్ 3 కింద సరిహద్దులు మార్చే అధికారం పార్లమెంటుదే. రాష్ట్ర సభ అభిప్రాయం అడగాలి, దానికి కట్టుబడాలని లేదు.

ఎమ్మెల్యే సంగతి ఇలా జరిగింది. ఏ నియోజకవర్గం ఏ రాష్ట్రానిది అని పట్టిక వేసి, అక్కడ గెలిచినవాళ్లు ఆ సభకు వెళ్తారు అన్నారు. భద్రాచలం తెలంగాణ పట్టికలో ఉంది కాబట్టి రాజయ్య గారు తెలంగాణ సభకు వెళ్లారు. ఆ సీటుకు ఓటేసిన ఎనిమిది మండలాల్లో మూడు పూర్తిగా, ఒకటి దాదాపుగా పక్క రాష్ట్రంలోకి వెళ్లినా ఆ అయిదేళ్ల కాలానికి వాళ్లకు ఏ ఏర్పాటూ చేయలేదు. మన మండలాలను రంపచోడవరం, పోలవరం ఓటర్ల జాబితాల్లోకి మార్చింది ఎన్నికల సంఘం 2018లో, అదీ తెలంగాణ ముందస్తు ఎన్నికలు దగ్గరపడ్డాక.

దీనికి దారి లేదని నేను అనను. పార్లమెంటే చట్టం చేస్తోంది కాబట్టి మధ్యకాలానికి పక్క నియోజకవర్గం సభ్యుడికి బాధ్యత అప్పగిస్తూ రెండు వాక్యాలు రాసి ఉండొచ్చు. రెవెన్యూ గ్రామాల పేర్ల దాకా పట్టించుకున్న చట్టంలో ఆ ఊళ్ల ఓటు గురించి ఒక్క మాట లేకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

#6 గోదారి గట్టు

మేం భద్రాచలం టౌన్. మిగిలినవాళ్లం ఏమయ్యామో నేను చెబుతాను.

ఎనిమిది మండలాల సీటు ఇది. ఇప్పుడు భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల, వెంకటాపురం, వాజేడు. 2023 ఎన్నికల్లో ఓటర్లు ఒకటిన్నర లక్షల దగ్గర, రాష్ట్రంలోనే అందరికంటే తక్కువ. శేరిలింగంపల్లిలో ఏడు లక్షలు దాటారు.

మా ఊరికి ఒక పక్క గోదావరి, మిగతా పక్కలు ఆంధ్రా. బ్రిడ్జి దిగి గుడి దాటి కొంచెం ముందుకు పోతే ఎటపాక, అది పక్క రాష్ట్రం. ఇంత పెద్ద ఊరి చెత్త ఎక్కడ పోయాలో తెలియదు, డంపింగ్ యార్డుకి స్థలం లేదు. గోదావరి గట్టున పోసిన చెత్త ఎండాకాలం తగలబడుతుంటే కరకట్ట మీద ఇళ్లవాళ్లు కిటికీలు మూసుకుని కూర్చుంటారు. రామాలయం భూములు దాదాపు 900 ఎకరాలు పురుషోత్తపట్నంలో ఉన్నాయి. దేవుడు తెలంగాణలో, ఆయన మాన్యం ఆంధ్రాలో. ఆ భూమి ఆక్రమణలో ఉందని కాగితం పెట్టాలంటే గుడి వాళ్లు పక్క రాష్ట్రం అధికారుల దగ్గరికి వెళ్లాలి. ఇంకో బాధ కూడా ఉంది. ఆంధ్రా ప్రభుత్వం సీతారాముల కళ్యాణం 2015 నుంచి ఒంటిమిట్టలో చేస్తోంది. అది వాళ్ల హక్కు, కాదనను. కానీ మా చిన్నప్పుడు రాజమండ్రి నుంచి లాంచీల్లో వచ్చిన జనాన్ని చూసినవాళ్లకి ఈ మార్పు మనసుకు పడుతుంది.

2022 జులై వరద గుర్తుందా? 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీళ్లు చూడలేదు. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక, దాని మీద ఇంకో 18 అడుగులు. ఆ వారం ఎటపాక వాళ్లు, మేము ఒకే నీళ్లలో ఉన్నాం. ఒకే వరదకు రెండు ప్రభుత్వాలు, రెండు లెక్కలు. అప్పుడే ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అయిదు ఊళ్లూ తిరిగి ఇవ్వాలన్న డిమాండ్ మళ్లీ పైకి వచ్చింది. ఇప్పటికీ అలాగే ఉంది.

#7 చర్ల రోడ్డు

నేను డీసీఎం నడుపుతాను, భద్రాచలం చర్ల లైన్లో. గట్టు అన్న చెప్పిన అయిదు ఊళ్ల సంగతి రోడ్డు మీద ఎలా ఉంటదో చెప్తా.

భద్రాచలంలో బయల్దేరి దుమ్ముగూడెం పోవాలంటే మధ్యలో ఆంధ్రా ఊళ్లు దాటాలి. అంటే ఒకే నియోజకవర్గంలో ఒక మండలం నుంచి పక్క మండలానికి పోవడానికి రాష్ట్రం బయటికి పోయి మళ్లీ లోపలికి రావాలి. ఎమ్మెల్యే గారు ప్రచారానికి చర్ల పోయినా అంతే. రాష్ట్రంలో ఇలాంటి సీటు ఇంకెక్కడైనా ఉందా, తెలిస్తే చెప్పండి.

మామూలు రోజుల్లో ఎవరూ పట్టించుకోరు. వడ్ల సీజన్లో తెలుస్తది. ఆంధ్రా వైపు రైతు బస్తాలు భద్రాచలం తెస్తే మీ వడ్లు ఇక్కడ కొనం అంటారు. పోనీ తెలంగాణ వడ్లే దుమ్ముగూడెం నుంచి భద్రాచలం తెస్తున్నా మధ్యలో ఆపి, ఏ ఊరి పంట, పాస్‌బుక్ చూపించు అంటారు. ఓ సారి రాత్రి పదిన్నరకి ఒక చెక్‌పోస్టులో ఆపారు, రైతు బండిలోనే నా పక్కన కూర్చుని ఉన్నాడు. పాస్‌బుక్ ఇంట్లో ఉంది. కొడుకు బైక్ మీద తెచ్చేదాకా బస్తాల మీదే పడుకున్నాం. చుట్టూ తిరిగి పోదామంటే వేరే దారి లేదు, ఉన్నది ఈ ఒక్క రోడ్డే.

#8 వాజేడు కుర్రాడు

మా బాధ ఇంకో రకం. మేం సీటుకి ఆ చివర. భద్రాచలం మాకు వంద కిలోమీటర్లు దాటుతుంది. 2016లో మా వాజేడు, వెంకటాపురం మండలాలు భూపాలపల్లి జిల్లాకి పోయాయి, 2019లో ములుగు జిల్లా వచ్చింది. కలెక్టర్ ములుగులో, ఎమ్మెల్యే భద్రాచలంలో. ముల్లకట్ట దగ్గర గోదావరి మీద వంతెన పడ్డాక ఏటూరునాగారం మాకు దగ్గరయింది. ఆసుపత్రికి అటే పోతున్నాం, కాలేజీకి అటే పోతున్నాం. ఓటు మాత్రం ఇటు.

2023లో నాది మొదటి ఓటు. పోటీ చేసినవాళ్లలో మా మండలానికి వచ్చి మాట్లాడినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. గెలిచాక అసలు చూడలేదు. మమ్మల్ని ములుగు సీటులో కలపమని మా ఊళ్లో చాలామంది అంటారు. ఇక్కడ పెద్దవాళ్లు ఏమంటారు?

#9 నిర్వాహకుడు

చర్చ చాలా బాగా నడుస్తోంది. రెండు పోస్టులు తీసేశాను, అవి పార్టీల తిట్లు. చరిత్ర, ఓటు, ఊళ్ల సంగతి రాయండి, మిగతావి వేరే థ్రెడ్‌లో.

#10 పాత ఓటరు

వాజేడు బాబూ, నీ మాట కాదనలేను. కానీ నూగూరు తాలూకా, భద్రాచలం తాలూకా ఎన్నో ఏళ్ల నుంచి కలిసి నడిచాయి. 2014లో కింది మండలాలు పోయాయి, రేపు మీరు కూడా ములుగుకు పోతే ఈ సీటే మిగలదు. అది ఎందుకు మిగలాలో చెప్పడానికి ఇక్కడ గెలిచినవాళ్ల గురించి రాయాలి.

ఇది ఎస్టీ రిజర్వుడు సీటు. 1985 నుంచి 2004 దాకా జరిగిన అయిదు ఎన్నికలూ సీపీఎం గెలిచింది. 1985, 89, 94లో కుంజా బొజ్జి గారు, 1999, 2004లో సున్నం రాజయ్య గారు. అంతకుముందు ముర్ల ఎర్రయ్యరెడ్డి గారిదీ అదే పార్టీ. 2009లో కాంగ్రెస్ నుంచి కుంజా సత్యవతి గారు గెలిచారు, 2014లో మళ్లీ రాజయ్య గారు. ఆ సభలో సీపీఎంకు ఆయన ఒక్కరే. 2018లో కాంగ్రెస్ నుంచి పొదెం వీరయ్య గారు. అంతకుముందు ఆయన రెండుసార్లు ములుగు ఎమ్మెల్యే. 2023లో తెల్లం వెంకట్రావు గారు బీఆర్ఎస్ నుంచి గెలిచారు, ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఆ పార్టీకి దక్కిన ఒకే ఒక్క సీటు ఇది. తర్వాత ఆయన కాంగ్రెస్‌లోకి వెళ్లారు.

బొజ్జి గారిని, రాజయ్య గారిని దగ్గరగా చూసినవాణ్ణి. ఇద్దరూ వీఆర్‌పురం మండలం వాళ్లు. మూడుసార్లు ఎమ్మెల్యే అయినా బొజ్జి గారు ఊళ్లో మామూలు ఇంట్లోనే ఉండేవారు. రాజయ్య గారు బస్సులో, ఆటోలో తిరిగేవారు. ఆటోలో వచ్చిన ఎమ్మెల్యేను సచివాలయం గేటు దగ్గర ఆపేశారని పేపర్లలో వచ్చింది కదా, అది ఆయనే. నేను చెప్పేది పార్టీ గొప్ప కాదు. ఒక కోయ రైతు పోడు పట్టా కాగితం పట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి పోయి ముంగిట్లో కూర్చుని, కోయలోనే మాట్లాడి పని చెప్పుకోగలిగిన సీటు ఇది. గిరిజనేతరులకు భూమి బదిలీ కాకుండా ఆపే 1/70 చట్టం ఉన్నా గిరిజనుల భూములు చేతులు మారుతున్న ఈ ప్రాంతంలో దానికి ఎంత విలువ ఉందో మా వైపు అడగండి.

ఆ ఇద్దరి ఊళ్లూ ఇప్పుడు ఆంధ్రాలో ఉన్నాయి. 2014లో రాజయ్య గారు తన సొంత ఊరు లేని రాష్ట్రానికి ఎమ్మెల్యే అయ్యారు. 2019లో రంపచోడవరం నుంచి పోటీ చేసి ఓడిపోయారు, నాగులపల్లి ధనలక్ష్మి గారు గెలిచారు. 2020 ఆగస్టులో కరోనాతో పోయారు.

#11 ఏలూరోడు

మాస్టారూ, ఇది చదివాక ఆ అయిదేళ్ల ఖాళీ గురించి శబరి ఒడ్డు తమ్ముడు ఎందుకు అంత గట్టిగా అడుగుతున్నాడో అర్థమైంది.

మా వైపు ఎలా ఉందో చెబుతాను. కుక్కునూరు, వేలేరుపాడు పోలవరం సీటులోకి వచ్చాయి. మిగిలిన నాలుగు మండలాలు రంపచోడవరంలోకి. దాంతో రంపచోడవరం సీటు పదకొండు మండలాలైంది. రాజవొమ్మంగి నుంచి ఎటపాక దాకా. మధ్యలో మారేడుమిల్లి ఘాట్ రోడ్డు. వానాకాలం కొండచరియలు పడితే సీటు రెండు ముక్కలే. 2024లో గెలిచిన మిరియాల శిరీషాదేవి గారు అంతకుముందు అంగన్‌వాడీ కార్యకర్త, ఊళ్ల కష్టం తెలిసిన మనిషి. కానీ ఎంత కష్టపడే మనిషైనా ఆ దూరం దూరమే. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు చింతూరు వాళ్లకు జిల్లా కేంద్రం పాడేరు అన్నారు. భద్రాచలం గంటన్నరలో పోయేవాళ్లకి పాడేరు ఒక రోజు ప్రయాణమైంది. ముంపు ఊళ్లు ఒకే ప్రభుత్వం కింద ఉండాలని నేను ఇప్పటికీ అంటాను. ఆ ప్రభుత్వం ఊరి దగ్గరికి రావాలని కూడా అంటాను.

#12 సరిహద్దు గీత

వాజేడు తమ్ముడి ప్రశ్నకు, మాస్టారి భయానికి కలిపి రాస్తాను, ఎందుకంటే రెండూ రాబోయే పునర్విభజనకే పోతాయి.

విభజన చట్టం 26వ సెక్షన్‌లో తెలంగాణ సీట్లు 119 నుంచి 153కి, ఆంధ్రప్రదేశ్‌వి 175 నుంచి 225కి పెంచాలని ఉంది. అయితే ఆ సెక్షన్‌ను ఆర్టికల్ 170కి లోబడి అని రాశారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా ఆ ఆర్టికల్ సీట్ల సంఖ్యను ఆపి ఉంచింది. వెంటనే చేయించాలని వేసిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 జులైలో కొట్టేసింది. జనగణన 2027లో. కాబట్టి ఆ లెక్కలు వచ్చాకే మన సీటు గీతలు మళ్లీ గీస్తారు.

జనాభాను సమానంగా పంచడమే మొదటి సూత్రమైతే రాష్ట్రంలో అందరికంటే చిన్నదైన భద్రాచలం ఇలాగే ఉండదు. బ్రిడ్జి అవతలి బూర్గంపాడు, సారపాకను పినపాక నుంచి తెచ్చి కలపొచ్చు. లేదా పై రెండు మండలాలను ములుగుకు ఇచ్చి, కింద మిగిలినవాటిని పినపాకలో కలిపి, ఈ పేరునే తీసేయొచ్చు. పేరు పోవడం మనకు కొత్త కాదు. 1967 నుంచి ఉన్న భద్రాచలం లోక్‌సభ సీటు 2008 పునర్విభజనలో పోయింది. బి. రాధాబాయి ఆనందరావు గారు నాలుగుసార్లు, సోడె రామయ్య గారు, చివర్లో మిడియం బాబూరావు గారు గెలిచిన సీటు అది.

కానీ జనాభా ఒక్కటే కొలత కాదు. 2002 పునర్విభజన చట్టం 9వ సెక్షన్‌లో భౌగోళికంగా ఒకచోట ఉండటం, నదులు కొండల వంటి అడ్డంకులు, పరిపాలన సరిహద్దులు, రాకపోకల సౌకర్యం, జనం సౌలభ్యం చూడాలని ఉంది. ఎస్టీ సీట్లు ఎస్టీ జనాభా శాతం ఎక్కువ ఉన్నచోటే ఉండాలని కూడా ఉంది. ఆ చట్టం ప్రకారం ముసాయిదా వేశాక అభ్యంతరాలు తీసుకోవాలి, బహిరంగంగా వినాలి. రాబోయే కమిషన్‌కు కొత్త చట్టం చేస్తారు, ఈ పద్ధతి అందులోనూ ఉంటుందనే అనుకుంటున్నాను.

చర్ల రోడ్డు అన్న రాసిన సంగతి ఉంది కదా, పక్క మండలానికి పోవడానికి రాష్ట్రం దాటాలి అని. అది సరిగ్గా రాకపోకల సౌకర్యం కింద పెట్టాల్సిన అభ్యంతరం. వాజేడు నుంచి భద్రాచలానికి బస్సు చార్జీ, సమయం, ములుగుకు అయ్యే చార్జీ, సమయం పక్కపక్కన రాస్తే అది కూడా అంతే. 2008లో మన వైపు నుంచి ఇలాంటి కాగితం ఎవరు పెట్టారో వినలేదు. ఈసారి గ్రామసభ తీర్మానంతో పెడదాం. ఇది షెడ్యూల్డ్ ఏరియా, పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం) కింద ఇక్కడ గ్రామసభ మాటకు బరువు ఉంది.

#13 గోదారి గట్టు

మేడమ్, టౌన్ తరఫున కూడా ఒకటి పెట్టాలి. భద్రాచలం ఇంత పెద్ద ఊరు, ఇంకా పంచాయతీనే. మున్సిపాలిటీ చేయమంటే షెడ్యూల్డ్ ఏరియా అంటారు. చెత్త, డ్రైనేజీ, కరకట్ట అన్నిటికీ ఎమ్మెల్యే దగ్గరికే పోవాలి. అందుకే ఈ ఊరికి ఎమ్మెల్యే సీటు మిగతా ఊళ్లకంటే ఎక్కువ అవసరం.

#14 సరిహద్దు గీత

అవును. రాజ్యాంగంలో మున్సిపాలిటీల భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు దానంతట అది వర్తించదు, పార్లమెంటు చట్టంతో విస్తరించాలి. గిరిజనుల హక్కులు కాపాడే ఏర్పాటు అది, దాన్ని పక్కన పెట్టమని నేను అనను. కానీ మీ పాయింట్ కమిషన్ ముందు చెప్పదగ్గదే. రాసి పంపండి, భాష సరిచేసి ఇస్తాను.

#15 చర్ల రోడ్డు

నేను రోడ్డు కిలోమీటర్లు రాసిస్తా. ఎక్కడ తెలంగాణ అయిపోతది, ఎక్కడ మళ్లీ మొదలైతది, బండి మీటర్ చూసి. ఈ వారంలో రెండు ట్రిప్పులు ఉన్నాయి.

#16 గుండాల అమ్మాయి

కొత్తగా చేరాను. మాది అయిదు ఊళ్లలో ఒకటైన గుండాల. పుట్టిల్లు అక్కడే, ఓటు రంపచోడవరంలో. పెళ్లయి భద్రాచలం టౌన్‌కి వచ్చి రెండేళ్లు అవుతోంది. మా ఇంటికీ అత్తారింటికీ మధ్య ఆటోలో పది నిమిషాలు, కానీ రాష్ట్రం వేరు. ఓటు మార్చుకోవచ్చా? మార్చుకుంటే మా అమ్మా నాన్నల ఊరి తరఫున ఈ తీర్మానంలో సంతకం పెట్టే హక్కు పోతుందా?

#17 సరిహద్దు గీత

మార్చుకోవచ్చమ్మా. ఓటు మామూలుగా నివసించే చోటే ఉండాలి, రెండు చోట్ల ఉండకూడదు. ఫారం 8 నింపి కొత్త చిరునామా రుజువుతో ఇవ్వాలి, ఆన్‌లైన్‌లో లేదా మీ బీఎల్ఓ (బూత్ స్థాయి అధికారి) దగ్గర. పాత ఓటు కార్డు నంబర్ తప్పకుండా రాయండి, లేకపోతే పాత పేరు తీసేయడం ఆలస్యమవుతుంది. గుండాల గ్రామసభలో ఓటు అక్కడి జాబితాలో ఉన్నవాళ్లకే ఉంటుంది, కాబట్టి మారాక తీర్మానంలో మీ సంతకం చెల్లదు. కమిషన్‌కు అభ్యంతరం మాత్రం ఎవరైనా పంపొచ్చు, మీరు రెండు వైపులా తెలిసిన మనిషిగా విడిగా రాయండి. మీ ఊళ్లో ఎంతమంది రోజూ పని మీద, బడి మీద భద్రాచలం వస్తారో కనుక్కుని రాస్తే అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.

#18 శబరి ఒడ్డు

గుండాల చెల్లెమ్మా, మీ ఊరి లెక్క మీరు తీయండి, కూనవరం, వీఆర్‌పురం నుంచి నేను తీస్తాను. మాస్టారూ, 1952, 1955 ఎన్నికల్లో ఓటేసిన పెద్దవాళ్లు వెంకటాపురం వైపు ఇంకా ఎవరైనా ఉంటే వాళ్ల మాటలు రికార్డు చేసి పెట్టగలరా? ఫోన్‌లో చాలు. మా అన్నయ్య కూతురు వాటిని కూర్చుని రాస్తానంటోంది.